జ్ఞానమునకు వయఃపరిమితి కలదా?

మన తెలుగువారి నాలుకపై మూడు సామెతలు నిత్యము నాట్యమాడుచుండును. పిన్నవాడు పెద్దల నడుమ నోరు విప్పినచో “తాతకు దగ్గులు నేర్పినట్లున్నది” అందుము. నడివయస్సు దాటినవాడు క్రొత్తగా నేదైన నేర్వబూనినచో “మొక్కై వంగనిది మానై వంగునా” అందుము. ఎవడైనను తన నడవడిని దిద్దుకొన యత్నించినచో “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అని తీర్పు చెప్పి కండువా దులుపుకొని లేచిపోవుదుము. ఈ మూడింటిని ఒకచోట చేర్చి చూడుడు. బాల్యమున జ్ఞానము రాదట, వార్ధక్యమున రాదట, నడుమ నెప్పుడైన వచ్చినను స్వభావము మారదట. ఇక జ్ఞానము మానవుని యొద్దకు ఏ ద్వారమున రావలెను? మూడు తలుపులకును మనమే గడియ వేసి, లోపల గాలి లేదని వగచుచున్నాము.

సామెతలపై నాకు పగ లేదు. మొక్కగా నున్నప్పుడే వంచవలెనన్న మాట అలవాట్ల విషయమున నిజమే. వేకువనే లేచుట, చేతివ్రాత, అప్పు చేయకుండుట, ఇవి చిన్ననాటనే అబ్బవలెను. కాని అలవాటు వేరు, జ్ఞానము వేరు. అలవాటును మనము వంచి తీర్చుదుము. జ్ఞానము భగవంతుడిచ్చునది. ఇచ్చువాడు ఆయన యైనప్పుడు, ఎవరికి ఇయ్యవలెనో, ఏ యేట ఇయ్యవలెనో నిర్ణయించు అధికారము మన ముందువరుస కుర్చీలవారికి ఎవరిచ్చిరి? నా వాదమంతయు ఈ యొక్క ప్రశ్నయే.

ఈ వాదమును ఈ సంచికయందే చేయుటకు కారణము కలదు. తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన కుటుంబములు మనవి. హోసూరు, కృష్ణగిరి వారు. బళ్ళారి, కోలారు వారు. బరంపురము, పర్లాకిమిడి వారు. మగ్గముతో షోలాపురము చేరి అక్కడనే వేళ్ళూనిన పద్మశాలీలు. తెలుగుగడ్డ నడుమ నున్నను పుదుచ్చేరి పాలనలో నున్న యానామువారు. మనలను ప్రవాసులని పిలుచుట నాకు సమ్మతము గాదు. ముత్తాతల చితాభస్మము కలిసిన నేల ప్రవాసభూమి ఎట్లగును? సరే, ఆ మాట అటుంచుదము. ఇట్టి కుటుంబములకు సంఘమే ఊరు, సంఘమే రచ్చబండ. ఆ రచ్చబండపై నేడు కూర్చున్నవారిలో అరువదికి లోబడినవారెందరో వ్రేళ్ళు మడిచి లెక్కింపుడు. రెండవ చేయి అక్కరపడదు.

వారి యెదుట నిలిచి ఇరువది యేండ్ల బాలిక ఒక మాట చెప్పబోవును. ఆమె తెలుగున నాలుగు కన్నడపు పలుకులో, తమిళపు పలుకులో, ఒడియా పలుకులో దొరలును. వెంటనే నవ్వులు. ఆమె యుచ్చారణను అందరును విందురు. ఆమె చెప్పదలచినది ఒక్కరును వినరు. మరుసటి ఉగాదికి ఆ బాలిక రాదు. అప్పుడు మన పెద్దలే వేదిక నెక్కి “యువతకు సంస్కృతిపై మక్కువ తగ్గినది” అని ఉపన్యసింతురు.

ఇంకొక ప్రక్కను ఏబదియేండ్ల గృహస్థుడు కలడు. తెలుగు చక్కగా మాటలాడును, అక్షరము రాదు. బాల్యమున తెలుగు బడి లేకపోయెను. ఉన్నచోట పంతులు లేకపోయెను. రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. చెప్పుట వేరు, నల్లబల్లపై ‘అ ఆ’లు పడుట వేరు. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము పిదప అక్కడి తెలుగు పిల్లల చిక్కులు ఎట్టివో ఆ తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. ఆ చట్టముతో పోరాడవలసిన విధమున పోరాడుదురు గాక. కాని ఆ గృహస్థుడు ఇప్పుడైనను నేర్చుకొందునని పలక పట్టినచో “ఈ వయస్సున నీకేల” యని అడ్డునది ఏ చట్టము? ఏ ప్రభుత్వము? అడ్డునది మనమే.

కావున వయస్సునకును జ్ఞానమునకును ముడి వేసినది ఎవరో విచారింపవలెను. మన శాస్త్రములా? చూతము.

ఎనిమిదవయేట ఉపనయనమైన వటువు సంధ్యావందనమున జపించు మంత్రమేదో, ఎనుబదవయేట వాని తాత జపించునదియు ఆ మంత్రమే. మా బుద్ధులను ప్రేరేపింపుమని సవితృదేవుని వేడుటయే దాని సారము. వయస్సుతోపాటు బుద్ధి దానంతటదియే వచ్చి చేరునట్లయిన, షష్టిపూర్తినాడు జందెము మార్చునప్పుడే “నీకిక ఆ ప్రార్థన అక్కరలేదు” అని పురోహితుడు విడుదల చేసియుండడా? ఏ స్మృతికారుడును అట్లు విధింపలేదు. తాతయు మనుమడును ఒకే ద్వారము కడ చేతులు చాచి నిలిచిన యాచకులు. గీత పదియవ అధ్యాయమున భగవానుడు ప్రీతితో భజించువారికి బుద్ధియోగమును తానే ఇచ్చుచున్నాననెను గాని, ఏండ్లు నిండినవారికి అది తానై పండునని యనలేదు. ఆత్మ ప్రవచనముచే గాని, మేధచే గాని, పెక్కు వినుటచే గాని లభించునది కాదనియు, అది ఎవని వరించునో వానికే లభించుననియు కఠోపనిషత్తు చెప్పుచున్నది. వరించుట యను మాటయందు వరుస లేదు, వయోక్రమము లేదు. పైగా ఆ యుపనిషత్తున యముని యింట మూడు రాత్రులు నిరాహారముగ నిలిచి ప్రశ్నించినవాడు ఒక బాలుడు. ముసలి యావులను దానమిచ్చి పుణ్యము మూటగట్టుకొన జూచినవాడు వాని తండ్రి.

మన సంఘములలోని క్రైస్తవ సోదరులకును ఇది క్రొత్త మాట కాదు. సొలొమోను రాజ్యమునకు వచ్చిన క్రొత్తలో తాను చిన్నవాడనని యొప్పుకొని, ధనమునుగాని దీర్ఘాయువునుగాని గోరక వివేకమును వేడుకొనెను, పొందెను. ఆ సొలొమోను హృదయమే వృద్ధాప్యమున దారి తప్పినదని వారి గ్రంథమే చెప్పుచున్నది. ముదిమి జ్ఞానమును తెచ్చుమాట యటుండగా, చేతనున్నదానిని నిలుపుటకైనను చాలదు.

ఇక మన యితిహాసము. కురుసభను తలచుకొనుడు. తన్ను తానోడిన పిమ్మట నన్ను ఒడ్డుటకు రాజునకు హక్కున్నదా యని ద్రౌపది యడిగినది. అంతకన్న సూటియైన ప్రశ్న ఏ సభలోను ఎవరును అడిగియుండరు. భీష్ముడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను. ద్రోణుడు పలుకలేదు. కృపుడు పలుకలేదు. విదురుని మొఱ ఆలకించినవారు లేరు. ఆ నెరసిన తలల నడుమ లేచి, సమాధానము చెప్పుడని పెద్దలను నిలదీసి, ఆమె గెలువబడినది కాదని తేల్చి చెప్పినవాడు వికర్ణుడు, దుర్యోధనుని తమ్ముడు. వానిని కర్ణుడు ఏమని గద్దించెను? బాలుడవై యుండి సభలో వృద్ధునివలె మాటలాడుచున్నావనెను. పెద్దలు పలుకకుండ నీవేల పలికితివనెను. మన కార్యవర్గ సమావేశములలో ఈనాటికిని వినవచ్చు వాక్యమే అది. ‘తాతకు దగ్గులు’ అను మన సామెతను కర్ణుడు సంస్కృతమున పలికినాడు, అంతే. ఆ సభలో పెద్దరికము గెలిచినది. ఆ గెలుపునకు వెల పదునెనిమిది అక్షౌహిణులు.

అనుభవము చాలక ధృతరాష్ట్రుడు చెడెనా? కాదు. నిదుర పట్టని రాత్రి విదురుని పిలిపించుకొని తెల్లవార్లు నీతులు వినెను. అన్నియు నిజమే యనెను. దుర్యోధనుని కలిసికొనగనే తన బుద్ధి మరలిపోవునని తానే చెప్పుకొనెను. చెప్పువాడు కలడు, వినుటకు చెవి కలదు, ఏండ్లు కలవు, లేనిది ఒక్కటే. ఆ యొక్కటి ఏండ్ల సంచిలో దొరకునది కాదు.

అష్టావక్రుని కథను మన యిండ్లలో వంకరల కొరకు చెప్పుకొందుము గాని అసలు సంగతి కొరకు చెప్పుకొనము. ఉద్దాలకుని కూతురు సుజాత గర్భముననుండియే ఆ శిశువు తండ్రి వేదపాఠమున దొసగున్నదని పలికెను. శిష్యుల యెదుట తల వంపులైనదని తండ్రి మండిపడి, ఎనిమిది వంకరలతో పుట్టుమని కడుపులోని బిడ్డనే శపించెను. పాఠము తప్పా కాదా యని విచారించిన జాడ లేదు. ఆ తండ్రియే పిదప ధనము కొరకు జనకుని యాగశాలకు పోయి, వందితో వాదించి ఓడి, పందెము ప్రకారము నీట ముంచబడెను. పండ్రెండవయేట ఈ వృత్తాంతము తెలిసికొని అష్టావక్రుడు మేనమామ శ్వేతకేతువుతో మిథిలకు నడచెను. వాకిట ద్వారపాలకుడు అడ్డగించెను. లోపల వృద్ధులైన విద్వాంసులకే ప్రవేశమట! తల నెరసినంతమాత్రమున ఎవడును వృద్ధుడు కాడని ఆ బాలుడు వానికి శాస్త్రము చెప్పి లోనికి పోయెను, వందిని గెలిచెను, నీట మునిగిన బ్రాహ్మణులను, వారితోపాటు తన్ను శపించిన తండ్రిని బయటికి రప్పించెను.

ఈ కథలో నా కన్నులకు కట్టునది వాదపు గెలుపు కాదు. తప్పు చూపిన నోటిని శపించినవాడు మునిగిపోవుట, శపింపబడినవాడే వచ్చి చేయి యందించుట. “నాన్నా, ఈ పద్ధతి నేటికి సరిపడదు” అన్న కుమారునిపై విరుచుకుపడి, పదియేండ్ల పిమ్మట అదే కుమారుని అండ జేరిన తండ్రులు మనలో ఎందరు లేరు? ద్వారపాలకులు మాత్రము ప్రతి సంఘమునను కలరు. రశీదు పుస్తకము, మైకు, గది తాళపుచెవి వారి చేతనే యుండును.

మనుస్మృతిని అడ్డు పెట్టుకొని పెద్దరికము నెరపువారు ఆ గ్రంథమును ముగియ చదువుట మేలు. అందు రెండవ అధ్యాయమున అంగిరసుని కుమారుడైన ఒక పసివాని ప్రస్తావన కలదు. వాడు తన పితృతుల్యులకు వేదము చెప్పుచు వారిని “బిడ్డలారా” అని సంబోధించెను. వారికి కోపము వచ్చి దేవతల కడకు ఫిర్యాదునకు పోయిరి. దేవతలు విచారించి, పసివాడు న్యాయముగనే పిలిచినాడని తీర్పిచ్చిరి. తెలియనివాడే బాలుడు, తెలియజెప్పువాడే తండ్రి యనిరి. మన కార్యవర్గమున ఇట్టి ఫిర్యాదు వచ్చినచో తీర్పు ఎట్లుండునో ఊహింపుడు.

మనము ఇరుగుపొరుగు నేలలపై బ్రదుకుచున్నవారము గనుక, ఆ నేలలు మనకు చెప్పుచున్నదేమో కూడ వినవలెను. మహారాష్ట్రమున నున్నవారికి జ్ఞానేశ్వరుని పేరు చెప్పనక్కరలేదు. తండ్రి సన్న్యాసము విడిచి మరల గృహస్థుడైనందున ఆ బిడ్డలను పండితులు వెలివేసిరి, ఉపనయనము నిరాకరించిరి. ఆ బాలుడు 1290లో, పదునైదేండ్ల ప్రాయమున, నేవాసమున గీతకు మరాఠీలో వ్యాఖ్య చెప్పెను. వెలివేసిన పండితుల పేర్లు నేడు ఎందరికి తెలియును? ఆ వ్యాఖ్య మాత్రము ఏడు వందల యేండ్ల పిదపను పల్లెపల్లెన పారాయణమగుచున్నది.

చాంగదేవుడను యోగి కథ అంతకన్న రుచిగా నుండును. యోగబలముచే పదునాలుగు వందల యేండ్లు బ్రదికినవాడని ప్రతీతి. ఆయన జ్ఞానేశ్వరునికి జాబు వ్రాయదలచి కలము పట్టెను. సంబోధన దగ్గరనే కలము ఆగిపోయెను. వయస్సు చూచినచో “చిరంజీవి” అని వ్రాయవలెను. జ్ఞానము చూచినచో “పూజ్యపాదులకు” అని వ్రాయవలెను. ఎటును తోచక తుదకు తెల్లకాగితమునే మడిచి పంపెను. దానిని విప్పి చూచి జ్ఞానేశ్వరుని చెల్లెలు ముక్తాబాయి నవ్వినది: ఇన్ని శతాబ్దములు బ్రదికియు వట్టి కాగితముగనే మిగిలినాడే యని. జ్ఞానేశ్వరుడు ఆ తెల్లకాగితమునకు అరువదియైదు ఓవీలలో ప్రత్యుత్తరము వ్రాసెను. ఆ చాంగదేవుడే పిదప ముక్తాబాయికి, ఆ చిన్నపిల్లకు, శిష్యుడయ్యెనని అక్కడివారు చెప్పుకొందురు. చాంగదేవుడు ఎగతాళికి తగినవాడని నేననను. చిరంజీవి యని వ్రాసి పంపివేయుట ఆయనకు సులభమే. అట్లు చేయక తడబడెను. ఆ తడబాటునందే ఆయనకు తలుపు తెరచుకొన్నది. మన పెద్దలలో ఎంతమందికి ఒక్కసారియైనను అట్లు కలము ఆగినది?

తమిళనాటివారు సంబందరు, అప్పరుల ముచ్చట నెరుగుదురు. శీర్గాళి కోనేటి గట్టున మూడేండ్ల బిడ్డ యేడ్చుచుండగా జగన్మాత పైడిగిన్నెతో జ్ఞానక్షీరమిచ్చెననియు, ఆ పాలెవరు పోసిరని బెత్తము పట్టుకొని గద్దించిన తండ్రికి బిడ్డ గుడివైపు వ్రేలు చూపి పాడెననియు పెరియపురాణము చెప్పుచున్నది. అప్పరు సంగతి వేరు. యౌవనమంతయు వేరొక మార్గమున గడపి, అక్కడ ఆచార్యుడై పేరుగాంచి, శూలవ్యాధిచే క్రుంగి అక్క తిలకవతి కడకు వచ్చి పడిన పిమ్మట ఆయనకు తన దైవము దొరకెను. ఒకరికి పాలపండ్ల వయస్సున, ఒకరికి జీవితము సగము నడచిన పిదప. ఇచ్చినవాడొక్కడే. ఆ యిద్దరును కలిసినప్పుడు చిన్నవాడు పెద్దవానిని “అప్పా” యని పిలిచెను. ఆ పిలుపే ఆయన పేరైనది. పెద్దవాడు మఱొకప్పుడు గుంపులో కలిసి, ఎవరికిని తెలియకుండ, చిన్నవాని పల్లకి మోసెను. ఎవరి గౌరవము తగ్గినది?

పెద్దలపై గౌరవము నశించునని భయపడువారికి నా సమాధానమంతయు ఆ పల్లకియందే యున్నది. పాదములకు మ్రొక్కుట వయస్సునకు. చెవి యొగ్గుట జ్ఞానమునకు. ఈ రెంటిని కలగాపులగము చేసినందుననే మన యిండ్లలో మ్రొక్కులును తగ్గినవి, వినుటయు తగ్గినది.

మన తెలుగువారిలోనే, మొన్నమొన్నటి దృష్టాంతము కావలెనన్నచో కావ్యకంఠ గణపతిమునిని చూడుడు. బొబ్బిలి ప్రాంతమున 1878లో పుట్టి, నవద్వీపమున పండితులను మెప్పించి 1900లో ‘కావ్యకంఠ’ బిరుదము గొన్నవాడు. ఆశుకవి, వేదవేత్త, ఏండ్ల తరబడి తపస్సు చేసినవాడు. అట్టివాడు 1907 నవంబరులో అరుణాచలముపై విరూపాక్షగుహ కెక్కి, తనకన్న ఒక యేడు చిన్నవాడు, పాఠశాల చదువైనను ముగింపనివాడు నగు మౌనస్వామి పాదములపై బడి, చదువవలసినదంతయు చదివితిని, తపస్సన నేమో మాత్రము తెలియలేదని విన్నవించెను. ఆ స్వామికి పదునారవయేట, 1896లో, మధురలో మేడమీది గదిలో గురువు లేకయే కలిగిన యెరుక లోకవిదితము. భగవాన్ రమణమహర్షి యను పేరు ఆయనకు పెట్టినది ఈ తెలుగు పండితుడే. ఒక యేటి యంతరము లెక్కింపదగినదా యని కొందరందురు. యేటిని వదలుడు, బిరుదమునకును గోచికిని ఉన్న యంతరమును లెక్కింపుడు.

అట్లయిన చదువేల యని వెంటనే మరియొక యాక్షేపణ. జ్ఞానము దైవదత్తమని చెప్పినచో పిల్లలు పుస్తకములు పారవేయరా? పారవేయరు. గణపతిముని చదువు వ్యర్థము కాలేదు. తాను పొందినదానిని ‘శ్రీరమణగీత’గా లోకమునకందించుటకు ఆ సంస్కృతమే పనికి వచ్చినది. ఛాందోగ్యమున నారదుడు నాలుగు వేదములు మొదలుకొని గణితము వరకు తాను నేర్చిన విద్యల పట్టిక సనత్కుమారుని యెదుట చదివి, ఇన్ని తెలిసియు శోకము దాటలేకున్నానని చెప్పుకొనెను. విద్యలను సనత్కుమారుడు పారవేయుమనలేదు. వానిని నామమాత్రములనెను, అక్కడనుండి పైకి నడిపించెను. ఆ చెప్పినవాడు నిత్యబాలుడని మన పురాణములు వర్ణించుట ఆకస్మికము కాదు.

చదువు లేనివారికిని తలుపు మూయబడలేదు. వ్యాకరణాదులు తాను నేర్వలేదనియు, తన కవిత్వము శ్రీకంఠమల్లేశుని వరమనియు మొల్ల తన రామాయణ పీఠికలోనే చెప్పుకొన్నది. ఒడ్రదేశమున నున్న మనవారు సారళాదాసుని నెరుగుదురు. పదునైదవ శతాబ్దమున ఒడియా భారతము రచించిన ఆ సేద్యగాడు తన్ను శూద్రముని యని చెప్పుకొని, తనకు పలుకు నేర్పినది సారళాదేవియే యనెను. కావున షోలాపురమున బీడీలు చుట్టి బిడ్డలను చదివించిన ముసలమ్మను “నీకేమి తెలియును, ఊరకుండవే” యని కసరు పట్టభద్రుడైన మనుమడు కూడ ఈ వ్యాసమున ముద్దాయియే. పెద్దలను మాత్రమే బోనెక్కించుట న్యాయము కాదు.

యౌవనమే యోగ్యతాపత్రమని నేను చెప్పుటలేదు. పరీక్షిత్తు కథలో ఇద్దరు పిన్నలు కలరు. తండ్రి మెడపై చచ్చిన పాము వేసినాడని రాజును ఏడు దినములలో చావుమని శపించినవాడు శృంగి, బాలుడే. తొందరపడితివని తండ్రి శమీకుడు వగచెను. ఆ రాజునకు ఆ యేడు దినములలోనే భాగవతము చెప్పి మృత్యుభయము మాన్పినవాడు శుకుడు, పదునారేండ్లవాడు. ఆ బాలుడు గంగాతీరమున అడుగిడగనే నెరసిన జడల మునులందరు ఆసనములు విడిచి లేచిరి. ఒకే కథ, ఒకే వారము, ఇంచుమించు ఒకే ప్రాయము. ఎవనికి లభించినదో, ఎవనికి లేదో వయస్సు చూచి చెప్పజాలము. పలుకు విని, దాని ఫలము చూచి తెలిసికొనవలెను. శృంగి పలుకు ప్రాణము తీసినది. శుకుని పలుకు భయము తీసినది. అష్టావక్రుడు గెలిచి మునిగినవారిని విడిపించెను. వంది గెలిచి ముంచెను. పరీక్ష కావలెనన్నవారికి ఇంతకన్న సులువైనది లేదు. దైవము తనతో మాటలాడినదని చెప్పి సొమ్ము దండుకొను నేటి గురువులకును, పదునెనిమిదేండ్లకే సర్వజ్ఞులైన కుర్రవారికిని ఈ తూకమే చాలును.

ఇక “ఆలస్యమైపోయినది” అను నిట్టూర్పు. కన్నడదేశమున నున్నవారి యింటింట వినబడు పురందరదాసు నడివయస్సు వరకు వడ్డీవ్యాపారియే యని సంప్రదాయము చెప్పుచున్నది. ఇల్లాలు దానమిచ్చిన ముక్కెర యాయన కన్ను తెరపించినదట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల దాక ఆగినచో కర్ణాటక సంగీతమునకు ఆ పితామహుడుండెడివాడు కాడు. పరీక్షిత్తునకు ఏడు దినములు మిగిలినవి. అదే భాగవతమున ఖట్వాంగుడను రాజు పేరు వచ్చును. ఆయనకు మిగిలినది ఒక్క ముహూర్తము. దేవతలు ఆయుర్దాయమెంతో చెప్పగనే ఆ ముహూర్తమున సర్వము విడిచి హరిని చేరెను. ఏబదియేండ్ల గృహస్థుడా, నీకు అంతకన్న వ్యవధియే యుండవచ్చును. ‘అ ఆ’లకు ముహూర్తము చాలదు గాని, మూడు నెలలు చాలును.

నేను సంఘములను అడుగుచున్నది పెద్దది కాదు. ఉగాదినాడు పంచాంగశ్రవణము యథావిధిగా పెద్దలు చేయుదురు గాక. పిదప ఒక గంట వేదిక ఇరువదియైదేండ్లకు లోబడినవారిది కావలెను. వారు ఏ యాసలో మాటలాడినను, ఎన్ని పొరుగు మాటలు కలిపినను, ఆ గంటలో ఎవరును దిద్దరాదు, నవ్వరాదు. దిద్దవలసినవి తరువాత ప్రక్కకు పిలిచి దిద్దవచ్చును. కార్యవర్గమున మూడవవంతు స్థానములు వారికి విడిచిపెట్టవలెను. సలహాసభ్యులని పేరుపెట్టి గోడవైపు కుర్చీలు వేయుట కాదు, ఓటుతో. విజయదశమినాడు జరుగు అక్షరాభ్యాసమునకు పసిపిల్లల ప్రక్కనే పెద్దలకును పీటలు వేయవలెను. తాతయు మనుమడును ఒకే పళ్ళెములోని బియ్యముపై ఓనమాలు దిద్దినచో చూచి నవ్వువారుందురు, నవ్వనిండు. పేరు నమోదుకు వయస్సు గడి అక్కరలేదు. పలకలు, బలపములు సంఘపు ఖర్చున కొనవలెను.